రోడ్డు మీద మినుములు వేగిన రోజు

కారు కాలిపోయిందని చెబితే ఎవరైనా మొదట అడిగేది షార్ట్ సర్క్యూటా అని. కాదండీ, మినుముల వల్ల అంటే నవ్వుతారు. చెప్పి చెప్పి విసుగొచ్చి ఇప్పుడు నేనూ షార్ట్ సర్క్యూట్ అనే చెబుతున్నాను. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, నమ్మేవాళ్ళతో వాదించే ఓపికా లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయడానికి పట్టపగలు కూర్చుని కూడా, వంటింటి వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. కుర్చీ తిప్పుకున్నాను.

అప్పటికి అమ్మ పోయి ఆరు నెలలు. వర్షాల్లో పోయింది. జ్వరమన్నారు, ఊపిరితిత్తులన్నారు, అంతలోనే అయిపోయింది. తనని పుట్టిన ఊళ్ళోనే, వాళ్ళమ్మ పక్కన పెట్టమని ఎప్పటినుంచో చెబుతుండేది కాబట్టి పామర్రు అవతల ఉన్న ఆ ఊరికే తీసుకెళ్ళాం. పెట్టె గోతిలోకి దించుతుంటే పాటలు పాడేవాళ్ళు పాడారు, ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, నేను గొంతు పోయేదాకా ఏడ్చాను. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరింటికో పెళ్ళికి వచ్చి భోజనాల పిలుపు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. మట్టి వెయ్యమంటే వేశాడు. చెయ్యి కడుక్కోమంటే కడుక్కున్నాడు.

తర్వాత కూడా అంతే. అమ్మా నాన్నా ఏళ్ళ తరబడి భవానీపురంలో మాతోనే ఉంటున్నారు కనుక ఇల్లు మారింది లేదు, మంచం మారింది లేదు. కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, గేటు తియ్యమని రాత్రీ పగలూ వచ్చి అరిచే రైతులతో నోరు చేసుకుని బతికినవాడు, ఒక్కసారిగా నోట్లో నాలుక లేనివాడైపోయాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాడు. అమ్మ మాట ఎత్తితే కిటికీలోంచి చూస్తాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ఒంట్లో ఏమీ లేదు, లోపల గడ్డకట్టుకుపోయింది, ఒకసారి ఏడిస్తే తేలికపడతారు అన్నాడు. ఆ ఆరు నెలలూ నాకు కావలసింది అదొక్కటే. నాన్న నోరు తెరిచి అమ్మ గురించి ఒక్క మాట అనాలి. తిట్టినా సరే.

అమ్మని తిట్టడానికి ఆయనకి ఒక కారణం ఎప్పుడూ ఉండేది. అమ్మ సున్నుండలు బాగా చేసేది. క్రిస్మస్‌కి సరే, ఇంటికి ఎవరొచ్చి వెళ్తున్నా చేతిలో డబ్బా పెట్టాల్సిందే. పొట్టు మినుములు ఇనుప మూకుట్లో వేసి, సన్నటి సెగ మీద వేపుతూ, కిటికీ దగ్గర ఎవరో ఒకరితో మాటల్లో పడేది. మొదట కమ్మటి వాసన వచ్చేది. తర్వాత అది కొంచెం చిక్కబడేది. ఆ చిక్కబడటం ఇల్లంతటికీ ముందుగా తెలిసేది నాన్నకే. ముందు గదిలో పేపరు చదువుతూ, తల ఎత్తకుండా, "ఏమే, మాడుతున్నాయి, పొయ్యి కట్టెయ్" అనేవాడు. ఆ మాట వినగానే అమ్మే కాదు, వంటింటికి దగ్గరగా ఎవరుంటే వాళ్ళం పరిగెత్తి స్టవ్ కట్టేసేవాళ్ళం. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అదొక చట్టం.

మార్చిలో మేస్త్రి ఫోన్ చేసి, సమాధి కట్టడం అయిపోయింది, రాయి కూడా బిగించేశానన్నాడు. పాస్టరు గారితో మాట్లాడి ఒక శనివారం మధ్యాహ్నం ప్రార్థన పెట్టుకున్నాం. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. గన్నవరం నుంచి పిన్ని ముందురోజే వచ్చింది. అమ్మ చెల్లెలు. సండే స్కూలు పిల్లలకి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి, బైబిలు వాక్యం లేకుండా ఒక్క వాక్యం మాట్లాడదు. పిన్నీ నేనూ నాన్నా, ముగ్గురం నా కార్లో బయల్దేరాం.

ఆ కారు గురించి ఒక మాట చెప్పాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డీజిలు బండి. రోజూ భవానీపురం నుంచి గవర్నర్‌పేటలో ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, ఆటోల వెనక పాకుతూ పోవడమే దాని బతుకు. కొత్త రకం డీజిలు బండ్లకి పొగగొట్టంలో మసి పట్టుకునే జల్లెడ లాంటిది ఉంటుందట. ఇలా పాకించి నడిపితే అది నిండిపోతుందట. నిండినట్టు మీటరు దగ్గర పసుపు లైటు వెలుగుతుంది. వారం రోజులుగా వెలుగుతూనే ఉంది. మెకానిక్‌ని అడిగితే నవ్వేసి, "హైవే ఎక్కి అరగంట గట్టిగా తోలండి మేడమ్, లోపల మసంతా దానంతటదే కాలిపోద్ది" అన్నాడు. లోపల కాలాలంటే పైన గొట్టం ఎంత కాగాలో నాకు తట్టలేదు, అతను చెప్పనూ లేదు. బందరు రోడ్డు ఎక్కి, కంకిపాడు దాటాక కాలు అదిమి పెట్టాను. చాలా రోజుల తర్వాత బండి హుషారుగా ఉరికింది. పిన్ని వెనక సీట్లో స్తోత్రం స్తోత్రం అంటూనే ఉంది. నాన్న ముందు సీట్లో బెల్టు పెట్టుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పామర్రు వచ్చేసరికి పసుపు లైటు ఆరిపోయింది. మెకానిక్‌ని మనసులో మెచ్చుకున్నాను కూడా.

పామర్రులో కుడికి తిరిగాం. కొంత దూరం పోయి, అమ్మ ఊరికి పోయే సన్న రోడ్డు ఎక్కాం. ఒక పక్క కాలవ, రెండో పక్క పొలాలు. వరి కోశాక చల్లిన మినుము పీకేసి ఉంది, నేల తెల్లగా బీటలు తీసి ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. ఎదురుగా ఒక్క బండి లేదు. అలాంటి వేళ ఆ రోడ్డు మీద మనుషులు ఉండరని నాకు తెలుసు, అయినా ఎందుకో ఏసీ చప్పుడు కూడా ఎక్కువగా వినిపించింది.

కొంచెం ముందుకెళ్ళేసరికి రోడ్డు కనపడలేదు. మినప మొక్కలు పరిచేశారు. మా వైపు ఇది మామూలే. ఎండిన మొక్కల్ని కళ్ళం చేసి తొక్కించే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే బండ్లే తొక్కి కాయ పగలగొడతాయి, సాయంత్రానికి దులిపి, తూర్పారబోసి గింజలు ఎత్తుకుపోతారు. పక్కనుంచి తప్పించుకు పోదామని చూశాను. అక్కడొక ఆడమనిషి నిలబడి ఉంది. దుమ్ము పడకుండా తలా ముఖమూ కలిపి తువ్వాలు చుట్టుకుంది, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మధ్యలోంచి పొమ్మని చేత్తో చూపించింది. నేను మధ్యలోంచే పోనిచ్చాను.

టైర్లు మొక్కల మీదికి ఎక్కగానే రోడ్డు చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా గుర్తు. బండి నడుస్తోందో లేదో తెలియనంత మెత్తగా పోతోంది. కాసేపటికి అడుగున ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టు చప్పుడు మొదలైంది. ముందు వైపు, తర్వాత నా కాళ్ళ కింద, తర్వాత వెనక. మొక్కలు అడుగున చుట్టుకుంటున్నాయని తెలుస్తూనే ఉంది. ఆపితే మళ్ళీ ఆ ఎండలో దిగి, వంగి పీకాలి. ఇది దాటాక చూసుకుందాంలే అనుకున్నాను. కానీ అది తెగలేదు. ఎంత పోయినా ముందర మినుమే పరిచి ఉంది.

అప్పుడు వచ్చింది వాసన.

మినుములు వేగుతున్న వాసన. పొట్టుతో సహా, ఇనుప మూకుట్లో, సన్నటి సెగ మీద. ఏసీ గాలిలో కలిసి కారంతా నిండింది. ముగ్గురిలో ఒక్కరికైనా నిప్పు అని తట్టాలి కదా. రబ్బరో వైరో కాలిన వాసనైతే తట్టేదేమో. ఇది మా వంటింటి వాసన. చిన్నప్పటి నుంచీ ఆ వాసన వస్తే ఎవరో మంచివాళ్ళు ఇంటికొచ్చారని అర్థం. నాకు నోట్లో నీళ్ళూరాయి. సమాధి దగ్గరికి పోతూ నోట్లో నీళ్ళేమిటని నా మీద నాకే చిరాకేసింది.

అద్దంలో చూశాను. పిన్ని స్తోత్రం ఆపేసి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉంది.

"అక్క వచ్చిందే," అంది.

చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారు, ఇళ్ళ చుట్టూ తిరగరు అని పిల్లలకి కంఠతా పట్టించిన మనిషి ఆమె. ఆ మాట తన నోట వచ్చిందని ఆమెకే భయం వేసినట్టుంది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గట్టిగా మందలిద్దామని నోరు తెరిచాను. పక్కకి చూసి ఆగిపోయాను.

నాన్న నవ్వుతున్నాడు. ఆరు నెలల తర్వాత. కళ్ళు సగం మూసుకుని, తల సీటుకి ఆనించి, ముందు గదిలో కూర్చున్నప్పుడు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. వాసన కొంచెం చిక్కబడింది. నాకూ తెలిసింది ఆ తేడా. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. తల తిప్పకుండా, పాత గొంతుతో, లాకుల మీద నుంచి అరిచిన గొంతుతో అన్నాడు.

"ఏమే, మాడుతున్నాయి, పొయ్యి కట్టెయ్."

నేనేమీ ఆలోచించలేదు. ఇది ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను, ఆలోచన అనేది లేదక్కడ. నా చెయ్యి వెళ్ళి తాళం తిప్పేసింది. స్టవ్ కట్టేసినట్టే. నడుస్తున్న బండి ఇంజను ఆగిపోయింది, స్టీరింగు బిగుసుకుపోయింది, కారు ఆ మెత్తటి మొక్కల మీద ఇంకొంచెం జారి ఆగింది. ఏసీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో బండి అడుగు నుంచి చిటపటా చిటపటా అని కాయలు పేలుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. బానెట్ అంచుల్లోంచి తెల్లటి పొగ నింపాదిగా పైకి లేచింది.

మెకానిక్ తర్వాత చెప్పాడు, ఇంకొంచెం దూరం అలాగే పోయుంటే గాలికి రాజుకుని లోపల ఉండగానే చుట్టేసేదని. కాగి ఉన్న గొట్టానికి ఎండు మొక్కలు చుట్టలు చుట్టుకున్నాయట. అతను చెప్పింది సబబే. ఇంజను ఎందుకు ఆపారు మేడమ్ అని అడిగితే మాత్రం మాట మార్చి ఇన్సూరెన్సు సంగతి ఎత్తాను.

పిన్ని తన తలుపు తనే తీసుకుని కాలవ గట్టు మీదికి పరిగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు ఎక్కడినుంచి వచ్చిందో. నేను దిగి, ముందు నుంచి చుట్టు తిరిగి నాన్న తలుపు తీశాను. కింద మొక్కలు అప్పటికే నా చెప్పుల దగ్గర పొగలుతున్నాయి. బెల్టు ఊడదీసి, దిగు నాన్నా అన్నాను. ఆయన దిగలేదు. కిటికీ పైన ఉండే పిడిని ఎడమ చేత్తో పట్టుకుని, నన్ను చూసి, పసిపిల్లకి చెప్పినట్టు అన్నాడు.

"ఉండమ్మా, మీ అమ్మ రావాలి."

లాగాను. నాన్న ముసలివాడే కానీ ఇనప గేట్లు ఎత్తిన చేతులవి. ఆ పిడి ఊడి వస్తుందేమో కానీ ఆ పట్టు ఊడదు. తిట్టాను, బతిమాలాను, చెంప మీద కొట్టాను కూడా. అవతలి వైపు చక్రం దగ్గర మంట లేచింది. పొలంలోంచి ఒకాయన పరుగున వచ్చాడు, ఆ మినుము వాళ్ళదే. అతనూ ఒక చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి కూడా ఆ పట్టు విడిపించలేకపోయాం. కారు లోపలికి పొగ వచ్చేసింది. ఆ పొగలో నాన్న ముఖం ప్రశాంతంగా ఉంది, అదే నాకు భయం. మనిషి చావుని చూసి బెదరాలి. ఈయన వాసన చూస్తూ కూర్చున్నాడు. నాకు దగ్గు వచ్చి, ఊపిరి ఆడక, నాలుగడుగులు వెనక్కి పోయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాను. అయిపోయింది, అమ్మ తర్వాత నాన్న, నేనే తీసుకొచ్చి నిప్పుకి ఇచ్చాను అనుకున్నాను.

అప్పుడు పిలుపు వినిపించింది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

గట్టిగా కాదు. కొంచెం విసుగు కలిసిన గొంతు. సీసా మూత రాకపోతేనో, అటక మీది గిన్నె అందకపోతేనో అమ్మ అలా పిలిచేది. అక్షరం తేడా లేదు. అక్కాచెల్లెళ్ళ గొంతులు ఒకటేలా ఉంటాయి, పిన్ని ఎంత తెలివి చేసింది అనుకున్నాను. బావగారూ అని తప్ప ఆయన ముందు ఎన్నడూ నోరు విప్పని మనిషి, ప్రాణం మీదికి వచ్చేసరికి సిగ్గూ మర్యాదా పక్కన పెట్టి అక్క పిలుపు పిలిచింది అనుకున్నాను.

"ఆ, వస్తున్నా," అని నాన్న పిడి వదిలేశాడు. ఎవరూ పట్టుకోకుండా, తనంతట తాను దిగి, చొక్కా కిందికి లాక్కుని నడిచి వచ్చాడు. ఆయన రోడ్డు దాటి గట్టు ఎక్కేలోపల ముందు సీటు అంటుకుంది.

తర్వాత జరిగిందంతా మామూలు రభసే. మంట మొక్కల వెంట రెండు వైపులా పాకింది. రైతూ, అతని భార్యా, అంటే తువ్వాలు చుట్టుకున్న ఆ ఆడమనిషే, కాలని మొక్కల్ని కర్రలతో లాగి మధ్యలో ఖాళీ చేశారు. బిందెలతో కాలవ నీళ్ళు పోశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎవరు పరచమన్నారు రోడ్డు మీద అని నేను అరిచాను. చూసుకుని తోలాలి కదా అని అతను అరిచాడు. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందని నేననగానే, వాళ్ళావిడ మసి చేతులతో తన పంట వైపు చూపించింది. నేనూ ఒక బిందె అందుకున్నాను. రోడ్డు పొడుగునా మినుములు వేగిన వాసన. ఆ ఊరు ఊరంతా ఆ మధ్యాహ్నం ఎవరింట్లోనో సున్నుండలు చేస్తున్నారనే అనుకుని ఉంటుంది.

గట్టు మీద నాన్న నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. పిన్నిని చూశాడు, నన్ను చూశాడు, మా వెనక చూశాడు. కాలవ అవతల చూశాడు. "ఏదీ?" అన్నాడు. ఆయన కొంచెం దూరం గట్టు వెంట నడిచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

ఆటోలో సమాధి దగ్గరికి వెళ్ళాం. వెనక్కి వెళ్దామంటే నాన్న ఒప్పుకోలేదు, అక్కడ ఉందేమో చూద్దాం అన్నాడు. మసి మొహాలతో దిగిన మమ్మల్ని చూసి పాస్టరు గారు కంగారుపడ్డారు. నాన్న కొత్త రాయి దగ్గరికి వెళ్ళి, వంగి, దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నాడు. తర్వాత లేచి, "ఇక్కడ లేదు," అన్నాడు. పాస్టరు గారు అది పునరుత్థానం మాట అనుకున్నట్టున్నారు, కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నారు. నాన్న అన్నది అది కాదు. బజారులో బెండకాయలు లేవని చెప్పినట్టు చెప్పాడు, అంతే. చెప్పి అక్కడే గడ్డిలో కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నేను ఆరు నెలలు ఎదురుచూసిన ఏడుపు అది. దాన్ని చూసి నాకు ఏ తేలికా కలగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక, నాన్న పడుకున్నాక, పిన్ని చేతులు పట్టుకున్నాను. నువ్వు పిలవకపోతే నాన్న దక్కేవాడు కాదు పిన్నీ అన్నాను. పిన్ని నా వైపు విచిత్రంగా చూసింది.

"నేనెందుకు పిలుస్తానే బావగారిని అట్టా? పిలిచింది నువ్వేగా. ఎంత తెలివైన పిల్లో అనుకున్నాను," అంది.

పొగకి తన గొంతు పట్టేసిందనీ, స్తోత్రం అనడానికి కూడా మాట రాలేదనీ, గట్టు మీద నుంచి నన్నే చూస్తూ ఉందనీ చెప్పింది. నేను వంగి దగ్గుతున్నదాన్ని తలెత్తి, కొంగు సరిచేసుకుని పిలిచానట. నేను ఆ రోజు వేసుకున్నది చుడీదార్. కొంగెక్కడిది పిన్నీ అని అడిగితే, ఏమోనే, అట్టా అనిపించింది అని బైబిలు తీసుకుని పక్క గదిలోకి పోయింది. పొద్దున్నే గన్నవరం వెళ్ళిపోయింది.

నేను వదలలేదు. కాలిన బండిని లాక్కురావడానికి క్రేనుతో వెళ్ళిన రోజున ఆ రైతు ఇంటికి వెళ్ళాను. అతని భార్య మజ్జిగ ఇచ్చింది. ఈసారి ముఖానికి తువ్వాలు లేదు, నా వయసే ఉంటుంది. ఆ రోజు పెద్దాయన్ని పిలిచిందెవరో విన్నారా అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"మీరేగా అమ్మా. ఏవండీ అని పిలిచారు. ఆయన మీ ఇంటాయనేమో అనుకున్నాను. మరీ ఇంత పెద్దాయన ఏంటబ్బా అని కూడా అనుకున్నా," అంది సిగ్గుపడుతూ.

మా ఆయన్ని నేను పెళ్ళైన రోజు నుంచీ పేరు పెట్టే పిలుస్తాను. దానికి అమ్మ చచ్చేదాకా నన్ను సతాయించింది. ఏవండీ అన్న పిలుపు నా నోట ఏనాడూ రాలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్రయత్నించి చూశాను. బాత్రూంలో కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా, ఏవండీ, ఒకసారి ఇటు రండి అన్నాను. నా గొంతే వచ్చింది. ఆఫీసులో ప్యూన్‌ని పిలిచినట్టుంది. మళ్ళీ మళ్ళీ అన్నాను. ఒక్కసారైనా అమ్మలా రాలేదు. మా ఆయనతో చెబితే, భయంలో మనిషికి తెలియకుండా ఏవేవో చేస్తారు, తల్లి గొంతు కూతురికి రావడంలో వింతేముంది అన్నాడు. అదే అయ్యుంటుంది. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ నేను అన్న మాట నాకు బయటినుంచి, వెనకనుంచి వినిపించింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

నాన్న ఇప్పుడు మాట్లాడుతున్నాడు. పక్కింటివాళ్ళతో, పాలబ్బాయితో, టీవీలో వాళ్ళతో. డాక్టరు సంతోషించాడు. అమ్మ గురించి కూడా అంటాడు, మీ అమ్మైతే ఈ పులుసులో బెల్లం వేసేది అని. చూసేవాళ్ళకి కోలుకున్నాడనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, గ్యాసు బండ వచ్చిన రోజు దాకా.

ఆ రోజు వంటింట్లో రెగ్యులేటరు దగ్గర లీకవుతున్నట్టు అనిపించి, వెనక గుమ్మంలో ఉన్న గ్యాసు అతన్ని, ఒకసారి ఇటు రండి అని పిలిచాను. అమ్మ పోయాక మా ఇంట్లో అండీ అని పిలిచేవాళ్ళు లేరు. నాన్నని నేను నువ్వు అనే అంటాను. అతను లోపలికి వచ్చేలోపల ముందు గదిలో కుర్చీ చప్పుడైంది.

"ఆ, వస్తున్నా," అన్న మాట వినిపించింది.

నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. అరచేత్తో తల దువ్వుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూశాడు. గ్యాసు అతన్ని చూశాడు. నా వెనక, స్టవ్ దగ్గర, కిటికీ దగ్గర చూశాడు. ఆ చెయ్యి తల మీద అలాగే ఆగిపోయింది.

"ఏం లేదమ్మా, మంచినీళ్ళకి వచ్చాను," అన్నాడు.

గ్లాసు తీసుకుని, బిందెలోంచి ముంచుకుని, నిలబడే మొత్తం తాగాడు. దాహం లేదని చూస్తుంటేనే తెలుస్తోంది. గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ పిలుపు నాదైనా, నాది కాకపోయినా, ఆయన ప్రాణం నిలబెట్టింది అదే. ఆయన ఇప్పుడు బతుకుతున్నది అది మళ్ళీ వినడానికే.

అప్పటినుంచి నేను ఇంట్లో ఏ మాట మాట్లాడాలన్నా ముందు "నాన్నా" అంటాను. ఆయనతో పని ఉన్నా లేకపోయినా, పిలిచేది నేనేనని ఆయనకి ముందే తెలియాలి. పనిమనిషిని పిలవాలన్నా, ఫోనెత్తాలన్నా, గుమ్మంలో ఎవరినైనా రమ్మనాలన్నా ముందు ఆ మాట ఒకటి గట్టిగా అని, తర్వాత అసలు సంగతి మొదలుపెడతాను. వచ్చినవాళ్ళు వింతగా చూస్తారు. ఆ మాట అనగానే, వంటింట్లో అలికిడికి ముందు గదిలో సగం లేచిన ఆయన మళ్ళీ కుర్చీలో వెనక్కి కూర్చోవడం నాకు వినిపిస్తుంది.